పెరటి వంటపాకకు పొగగొట్టం: ప్రణాళిక, లెక్క, నిర్వహణ

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు మీ పెరట్లోని కట్టెల పొయ్యికి పొగగొట్టం ఎక్కడ, ఎంత ఎత్తున, ఏ వెడల్పుతో పెట్టాలో కాగితం మీద గీసి తాపీమేస్త్రికి వివరంగా చెప్పగలుగుతారు. వాయువుల సాంద్రతను గురించి మీరు చదివిన పాఠం ఇక్కడ పనికి వస్తుంది. అది మరచిపోయి ఉంటే కంగారు పడనక్కరలేదు. కావలసినంత మళ్ళీ ఇక్కడే చెప్పుకుందాం.

1. పరిచయం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది. ఈ రెండింటి వల్ల మన పల్లెల్లో గ్యాసు పొయ్యి లేని ఇల్లు అరుదైంది. అయితే గ్యాసు వచ్చినంత మాత్రాన కట్టెల పొయ్యి ఆరిపోలేదు. నర్సీపట్నాన్ని ఆనుకుని వరాహ నది ఒడ్డున ఉన్న మా బలిఘట్టంలో ఉదయం ఆరు గంటలకు ఏ వీధిలో నడిచినా పెరళ్ళలోంచి పొగ లేస్తూ కనిపిస్తుంది. స్నానానికి వేడినీళ్ళు, పశువులకు ఉలవలు, పండుగకు పిండివంటలు, చుట్టాలు దిగితే పెద్ద డేగిశాతో అన్నం, ఇవన్నీ ఇప్పటికీ కట్టెల మీదే. సిలిండరు ధర చూసుకునే ఇల్లాలు ఇంకేం చేస్తుంది? అందుచేత "కట్టెలు మానండి" అని చెప్పి ఊరుకోకుండా, మానలేని చోట పొగను ఎలా బయటకు పంపాలో నేర్చుకోవడం ఈ పాఠం పని.

నాకీ విషయం మీద పట్టుదల కలగడానికి మా అప్ప కారణం. డెబ్బై దాటాక ఆవిడకు దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. పరీక్ష చేసిన డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "అమ్మా, మీరు చుట్ట కాలుస్తారా?" అని. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఉన్నారు కనుక ఆ ప్రశ్న అడగడంలో తప్పులేదు. మా అప్ప జన్మలో చుట్ట ముట్టలేదు. యాభై ఏళ్ళు తాటాకు పాకలో గొట్టంతో పొయ్యి ఊదింది. ఆ పొగే ఊపిరితిత్తుల్లో చేరింది. ఇళ్ళలోని పొగ వల్ల ప్రపంచంలో ఏడాదికి 32 లక్షల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి అంచనా వేసింది. అంత పెద్ద సంఖ్య మనసుకు ఎక్కదు. మీ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని తలచుకుని చదవండి, చాలు.

2. కొంత చరిత్ర

పొగలేని పొయ్యి ఆలోచన మనకు కొత్తది కాదు. వార్ధాలోని మగన్‌వాడీలో గ్రామ పరిశ్రమల కార్యకర్తలు 1947 ప్రాంతంలో మగన్ చూలాను రూపొందించారు. తెలుగువారికి దగ్గరి సంగతి మరొకటి ఉంది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారు చేసి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం రాశారు. ఆ పరిశోధనాలయం పేరులోని అక్షరాలతో ఆ పొయ్యిని హెర్ల్ చూలా అన్నారు. ఆనకట్టలు, రోడ్ల మీద పరిశోధన చేసే చోట ఒక ఇంజనీరు వంటింటి పొగను తన విషయంగా తీసుకున్నాడంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. 2002లో ఆపేసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇచ్చినట్లు లెక్కలు చెప్పాయి. వాటిలో ఎన్నో రెండు మూడేళ్ళకే పగిలి, గొట్టాలు మసితో పూడి మూలపడ్డాయి. ఎందుకు పూడాయో 8వ భాగంలో చూద్దాం.

3. గొట్టం పొగను ఎందుకు లాగుతుంది?

"పొగ తేలిక కాబట్టి పైకి పోతుంది" అని చాలామంది చెబుతారు. పొగ తేలిక కాదు, వేడి పొగ తేలిక. చల్లారిన పొగ బయటి గాలితో సమానంగానే తూగుతుంది. ఈ తేడా తెలియక చేసే తప్పులే ఎక్కువ.

గాలి సాంద్రతకు ఒక సులువైన సూత్రం ఉంది. 353ను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే ఘనపు మీటరు గాలి ఎన్ని కిలోలో వస్తుంది. బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే, 353 ÷ 303 = 1.165 కిలోలు. గొట్టంలో సగటున 150 డిగ్రీలు ఉంటే, 353 ÷ 423 = 0.834 కిలోలు. తేడా 0.331 కిలోలు. ఈ తేడాను గొట్టం ఎత్తుతోను, గురుత్వ త్వరణం 9.81తోను గుణిస్తే లాగుడు వస్తుంది. గొట్టం ఎత్తు 3.5 మీటర్లయితే లాగుడు దాదాపు 11.4 పాస్కల్‌లు.

ఇది ఎంత? ఒక మిల్లీమీటరు నీటి మట్టం కలిగించే పీడనం కంటే కొంచెం ఎక్కువ, అంతే. మన పొగనంతా బయటికి నడిపే బలం ఇంత స్వల్పమైనది. గొట్టంలో ఒక అనవసరపు వంపు, ఒక పక్షి గూడు, తలుపు దగ్గర ఎదురుగాలి ఉంటే ఈ బలం చాలదు.

ఇప్పుడు అదే గొట్టంలో పొగ చల్లారి సగటున 80 డిగ్రీలకు దిగిందనుకోండి. సాంద్రత 353 ÷ 353 = 1.0. తేడా 0.165. లాగుడు 5.7 పాస్కల్‌లు. అంటే సగం పోయింది. పలుచని రేకు గొట్టాన్ని గోడ బయట ఎండకూ వానకూ వదిలేస్తే జరిగేది ఇదే. జోరు వానలో తడిసిన గొట్టం పొగను వెనక్కి తోసే సంగతి మీలో చాలామంది చూసే ఉంటారు.

మరొక సంగతి గమనించండి. గొట్టంలోంచి ఎంత గాలి పైకి పోతుందో అంత గాలి పాకలోకి రావాలి. కిటికీ లేదు, తలుపు వేశారు, అప్పుడు గొట్టం ఏం లాగుతుంది? పొయ్యికి ఎదురుగా కాక పక్కగా, నేలకు జానెడు ఎత్తున, గొట్టం నోటి వైశాల్యానికి కనీసం రెట్టింపు ఉండే కంత గోడలో వదలమని నేను చెబుతాను. పందికొక్కులు రాకుండా దానికి జల్లెడ బిగించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: డిసెంబరు ఉదయం బయట 15 డిగ్రీలు, గొట్టంలో సగటున 150 డిగ్రీలు ఉన్నప్పుడు 3.5 మీటర్ల గొట్టం లాగుడు ఎంత? (13.4 పాస్కల్‌లు వస్తే మీ లెక్క సరి.)

4. చోటు నిర్ణయం

మన వాళ్ళు వంట ఆగ్నేయంలో ఉండాలంటారు. అలా పెడితే గాలి లెక్క ఏమవుతుందో చూద్దాం. పాక ఇంటికి ఆగ్నేయంగా ఉంటే నైరుతి రుతుపవనాల గాలికి పొగ ఈశాన్యం వైపు పోతుంది, ఇంటి మీదకు రాదు. ఈశాన్య గాలి వీచే నెలల్లో నైరుతి వైపు పోతుంది, అప్పుడూ ఇంటి మీదకు రాదు. చిక్కల్లా వేసవి సాయంత్రాలతోనే. నర్సీపట్నానికి సముద్రం ఆగ్నేయ దిక్కున ఉంది. అటునుంచి గాలి తిరిగిందంటే పొగ సూటిగా ఇంట్లోకే. శాస్త్రం చెప్పిన మూలను కాదనమని నేను అనను. ఆ మూలలోనే పాక వేసుకుని, ఇంటికీ పాకకూ మధ్య దూరం పెంచండి, గొట్టం ఎత్తు పెంచండి. పొరుగింటి వాకిలి ఎటు ఉందో కూడా చూడండి. గొట్టాల వల్ల వచ్చిన తగాదాలు నాకు తెలుసు.

పాకలో పొయ్యి గోడకు ఆనుకుని ఉండాలి. గొట్టం నిలువుగా, వంపు లేకుండా కప్పు దాటేట్టు పైన దూలం, వాసాలు ఎక్కడున్నాయో ముందే చూసుకోవాలి. పొయ్యి కట్టాక పైకి చూసి "అయ్యో, దూలం అడ్డొచ్చింది" అని గొట్టాన్ని వంచడం మన పద్ధతి. ముందుగా కప్పు నుంచి ఒక లంబసూత్రం వేలాడదీయండి. అది తాకిన చోట పొయ్యి వెనుక భాగం రావాలి. వంపు తప్పనిసరి అయితే 45 డిగ్రీలకు మించనీయకండి. అడ్డంగా పడుకోబెట్టిన గొట్టంలో మసి కూర్చుంటుంది.

5. ఎత్తు: నేను చేసిన తప్పు

పదవీ విరమణ తరువాత మా పెరట్లో పెంకుల పాక వేయించి, అప్ప కోసం గొట్టపు పొయ్యి కట్టించాను. పాక వెడల్పు 12 అడుగులు, చూరు 7 అడుగులు, నడికప్పు 11 అడుగులు. గొట్టం నడికప్పుకు 3 అడుగుల పక్కగా వచ్చింది. అక్కడ కప్పు ఎత్తు 9 అడుగులు. మేస్త్రి "ఎంత తేలాలి బాబూ?" అంటే, "అర అడుగు తేలితే చాలు, చూడ్డానికి బాగుండదు" అన్నాను. డాక్టరేటు ఉన్న మనిషిని నేనే.

మొదటి వారం బాగానే ఉంది. తరువాత గొట్టానికి అవతలి వాలు మీదుగా గాలి తిరిగింది. గాలి నడికప్పు దాటి ఇవతలికి దిగేటప్పుడు సుడి తిరుగుతుంది. గొట్టం నోరు సరిగ్గా ఆ సుడిలో ఉంది. పొగ అంతా పొయ్యి నోట్లోంచి తిరిగి వచ్చింది. అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి, "ఏరా తమ్ముడూ, నీ గొట్టం పొగ మింగట్లేదురా, కక్కుతోంది" అంది. నవ్వుతూనే అంది గాని ఆ రాత్రంతా దగ్గింది.

అమెరికాలో ఇళ్ళ పొగగొట్టాలకు పాటించే నియమం ఒకటి మనకూ సరిపోతుంది. గొట్టం కప్పును దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు తేలాలి. అంతేకాక, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న కప్పు భాగం దేనికంటెనైనా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. మా పాకకు లెక్క వేయండి. మొదటి షరతు ప్రకారం 9 + 3 = 12 అడుగులు. నడికప్పు 10 అడుగుల లోపే ఉంది గనుక రెండవ షరతు ప్రకారం 11 + 2 = 13 అడుగులు. కాబట్టి నేల నుంచి 13 అడుగులు. నేను పెట్టింది తొమ్మిదిన్నర. మూడున్నర అడుగుల గొట్టానికి పిసినారితనం చేసి ఆవిడ చేత మళ్ళీ పొగ తాగించాను.

గొట్టం పెంచాక బాగయింది. పొయ్యి వెనుక పొగదారి నేలకు అడుగున్నర ఎత్తున మొదలవుతుంది. అక్కడి నుంచి 13 అడుగులకు పదకొండున్నర అడుగుల గొట్టం, అంటే మీరు పైన లెక్క చేసిన మూడున్నర మీటర్లే.

పక్కన మామిడి, పనస, కొబ్బరి చెట్లు ఉంటే వాటినీ కప్పులాగే లెక్కించాలి. పైగా చెట్టు ఏటా పెరుగుతుంది.

6. వెడల్పు, సరుకు

రెండు గిన్నెల ఇంటి పొయ్యికి నాలుగు అంగుళాల గొట్టం తీసుకోండి. దుకాణంలో మూడు అంగుళాలది చవక అంటారు. వైశాల్యం వ్యాసం వర్గంతో మారుతుంది గనుక మూడు అంగుళాల గొట్టం దారి నాలుగు అంగుళాల దానిలో 56 శాతం మాత్రమే. దానికి చుట్టూ ఒక సెంటీమీటరు మసి పట్టిందంటే ఉన్న దారిలోనూ సగం పోతుంది. బెల్లం వండే పొయ్యి వంటి పెద్దవాటికి ఈ కొలతలు వర్తించవు.

గొట్టం దేనితో? పొయ్యి నుంచి మొదటి మూడు అడుగులు ఇటుకతో కట్టించడం మేలు. మంట తగిలే చోట జింకు పూత ఉన్న జీఐ గొట్టం పెట్టకూడదు. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది, అంతకు ముందే పూత పాడవుతుంది. ఆ పొగ పీల్చడం మంచిది కాదు. ఇటుక దాటాక పొగ కొంత చల్లారుతుంది, అక్కడి నుంచి జీఐ గొట్టం సరిపోతుంది. ఇటుకల మధ్య సిమెంటు కంటె మట్టి, ఇసుక, వరిపొట్టు కలిపిన అడుసు వేడికి బాగా ఓర్చుకుంటుంది. పగుళ్ళు వస్తే ఇంట్లోనే మెత్తుకోవచ్చు.

ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలను పాత ప్రభుత్వ కార్యక్రమాల్లో విరివిగా వాడారు. ఇప్పుడు వాటి జోలికి పోకండి. కోసినా, పగిలినా లేచే పీచు ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది. పాక కప్పు సిమెంటు రేకులతో ఉంటే పొగగొట్టం కోసం రేకుకు రంధ్రం కోయవలసి వస్తుంది. కోయక తప్పకపోతే ఆరుబయట, రేకును బాగా తడిపి, చేతిరంపంతో, ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని కోయాలి. పిల్లల్ని దగ్గరకు రానీయకూడదు.

గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చేటప్పుడు పై గొట్టం అంచు కింది గొట్టం లోపలికి దిగాలి. మేస్త్రులు ఒక్కోసారి దీనికి తలకిందులు చేస్తారు. పొగలోని తారు చల్లారి నల్లని జిగురుగా కిందికి కారుతుంది. అది గొట్టం లోపలే కారాలి, బయటికి కాదు. బయటి అతుకును పట్టీ వేసి బిగిస్తే వాన దిగదు.

టోపీకి, గొట్టం అంచుకు మధ్య ఎంత ఖాళీ? పొగ పక్కలకు పోయే దారి గొట్టం దారికి తక్కువ కాకూడదు. లెక్క వేస్తే వ్యాసంలో నాలుగో వంతు చాలు, అంటే ఒక అంగుళం. మసి పట్టే చోటు కనుక మూడు అంగుళాలు వదలండి.

ఇక గాలివాన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు మన జిల్లాలో ఏమేం ఎగిరిపోయాయో చూశారు. కప్పు పైన నాలుగు అడుగులు తేలిన గొట్టానికి మూడు వైపులా జీఐ తీగ లాగి వాసాలకు కట్టాలి. తుపాను హెచ్చరిక వస్తే పైముక్క ఊడదీసి లోపల పెట్టుకునేలా బిగించుకుంటే ఇంకా మంచిది.

7. కప్పు, నిప్పు

పెంకుల కప్పు అయితే పని సులువు. రెండు బెంగుళూరు పెంకులు తీసి, మధ్యలో గొట్టానికి మెడ ఉన్న జీఐ పలక దూర్చాలి. పలక పై అంచు పైవరుస పెంకుల కిందికి, కింది అంచు కిందివరుస పెంకుల పైకి రావాలి. తలకిందులైతే మొదటి వానకే పొయ్యిలోకి నీళ్ళు. వాసాలు, బద్దెలు గొట్టానికి దగ్గరగా ఉండకూడదు. ఒంటిపొర రేకు గొట్టానికీ చెక్కకూ మధ్య 18 అంగుళాలు వదలాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణం చెబుతుంది. మన చిన్న పాకల్లో అంత చోటు దొరకదు. దొరకనప్పుడు ఆ మేరకు వాసాన్ని తప్పించి అడ్డకర్ర వేయించండి.

తాటాకు, వరిగడ్డి కప్పుల సంగతి వేరు. అలాంటి కప్పులోంచి రేకు గొట్టం పైకి తీయవద్దు. ఈ మాట మీద రాజీ లేదు. గొట్టంలో పేరుకున్న తారు ఒక్కోసారి అంటుకుని మండుతుంది. అప్పుడు గొట్టం ఎర్రబడుతుంది, నిప్పురవ్వలు ఆకు మీద పడతాయి. వేసవి గాలికి ఒక పాక అంటుకుంటే వీధి మిగలదు. పొయ్యి ఉన్న మూలకైనా పెంకులు వేయించి, ఆ తరువాతే గొట్టం మాట ఆలోచించండి. అందాకా పొయ్యిని ఆరుబయటకు మార్చుకుంటే అదే నయం.

కంటికి కనిపించని ప్రమాదం కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. మంట ఆరి, నిప్పులు కణకణలాడుతున్నప్పుడు పొగ కనిపించదు గాని ఈ వాయువు పుడుతూనే ఉంటుంది. వేడి నిలవాలని గొట్టంలోని అడ్డురేకు పూర్తిగా మూసేసి, తలుపు వేసుకుని పాకలో పడుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. అందుకే అడ్డురేకుకు పావువంతు కత్తిరించి వేయించండి, మూసినా కొంత దారి ఉంటుంది. బాలింత గదిలో కుంపటి పెట్టే ఆచారం మీ ఇంట్లో ఉంటే ఈ వాక్యాన్ని ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

8. కట్టె, మసి, మనిషి

పచ్చికట్టెలో బరువులో సగం దాకా నీరు ఉంటుంది. ఆ నీరు ఆవిరి కావడానికి మంటలోని వేడి ఖర్చవుతుంది, పొగ చల్లబడుతుంది, తారు గొట్టానికి అంటుకుంటుంది. సరుగుడు, జామాయిలు, జీడిమామిడి కొమ్మలు మన వైపు దొరికే కట్టెలు. ఏదైనా చీల్చి, వాన తగలని చోట ఒక వేసవి ఎండనిచ్చి వాడితే తేమ 20 శాతం లోపుకు దిగుతుంది. జీడిపిక్కల పెంకులు మాత్రం ఇంటి పొయ్యిలో వేయవద్దు. వాటి నూనె పొగ కళ్ళకూ గొంతుకూ మంట పుట్టిస్తుంది.

గొట్టం అడుగున మసి తీసే చిన్న తలుపు ఉండాలి. తాడుకు గోనెసంచి ఉండ, దాని కింద చిన్న రాయి కట్టి పైనుంచి దింపి, రెండు మూడుసార్లు లాగితే మసి రాలుతుంది. రోజూ పొయ్యి వెలిగే ఇంట్లో నెలకోసారి ఈ పని చేయాలి.

ఇది చిన్న విషయం అనుకోకండి. మన పక్క రాష్ట్రమైన ఒడిశాలో గ్రామ్ వికాస్ సంస్థ ఇచ్చిన గొట్టపు పొయ్యిలను ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రేమా హన్నా అనే ఆర్థికవేత్తలు 44 గ్రామాల్లో నాలుగేళ్ళు పరిశీలించారు. మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ తేడా మాయమైంది. జనం పొయ్యిలను క్రమంగా వాడలేదు, పాడైతే బాగుచేయించలేదు, గొట్టాలు శుభ్రం చేయలేదు. అధ్యయనం చదివి "పల్లెవాళ్ళకు శ్రద్ధ లేదు" అనేవారు ఉన్నారు. నాకు అలా అనిపించదు. డెబ్బై ఏళ్ళ మనిషి కప్పు ఎక్కి మసి దులపగలదా? పొయ్యి ఇచ్చినవాళ్ళు ఆ పని ఎవరు చేయాలో ఆలోచించారా? చాలా ఇళ్ళలో పొయ్యి ఆడవారిది, నిచ్చెన మగవారిది. గొట్టం ఈ రెండింటి మధ్యలో వేలాడుతుంది.

అందువల్ల మా పాకలో నేను ఇంకొక మార్పు చేయించాను. గొట్టంలో మనిషి ఎత్తున ఒక అతుకు ఊడి వచ్చేలా పెట్టించాను. అప్ప నేల మీద నిలబడే వెదురు కర్రకు కట్టిన గోనెగుడ్డతో కిందనుంచి పైకి తోసి దులుపుతుంది. ఖర్చు ఒక పట్టీ, రెండు బోల్టులు. ఆవిడ దగ్గు పూర్తిగా పోలేదు, ఆ వయసులో పోదని డాక్టరు ముందే చెప్పారు. ఇప్పుడు వంట మధ్యలో బయటికి రాకుండా కూర పూర్తి చేస్తోంది.

9. అభ్యాసం

అ) మీ పెరటి పాక కొలతలు (వెడల్పు, చూరు ఎత్తు, నడికప్పు ఎత్తు) తీసుకుని, 5వ భాగంలోని నియమం ప్రకారం గొట్టం పై అంచు నేల నుంచి ఎన్ని అడుగులు ఉండాలో లెక్క కట్టండి.

ఆ) ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం పొయ్యి వెలిగించినప్పుడు పొగ ఏ దిక్కుకు పోతోందో రాసి ఉంచండి. చిత్రంలో ఇల్లు, బావి, పొరుగిల్లు, చెట్లు గుర్తించండి.

ఇ) మీ ఇంట్లో గొట్టపు మసి ఎవరు, ఏ రోజున దులుపుతారో వారినే అడిగి, వారు ఒప్పుకున్న తరువాత పేరు రాయండి.